ఏ పని, ఎప్పుడు, ఎంతసేపు



ఈరోజు సాయం అడగడం గురించి మాట్లాడుకుందాం. సాయం చెయ్యమని మనకి చిన్నప్పటినుంచీ చాలామంది చెప్పారు. ఎలా అడగాలో ఎవరూ చెప్పలేదు. చెప్పిందల్లా ఒకటే మాట. ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు అని.

ఆ మాటలో పౌరుషం ఉంది. ఒళ్లు వంచి బతకమన్న బుద్ధి ఉంది. కాదనను. కానీ మనలో కొందరు ఆ మాటని మరీ గట్టిగా పట్టేసుకున్నారు. ఒళ్లు కాలిపోతున్న జ్వరంలో కూడా తామే లేచి వెళ్లి మాత్రలు తెచ్చుకుంటారు. ఆఫీసులో ఒక లెక్క తేలకపోతే పక్క సీటాయన్ని అడగరు, రాత్రి తొమ్మిదిదాకా దానితోనే కుస్తీ పడతారు. కూతురి పెళ్లి పనులన్నీ నెత్తినేసుకుని, తీరా ముహూర్తం వేళకి నిలబడలేక గోడకి చేరబడతారు. అడిగితే ఒకటే జవాబు. "ఎందుకులే ఒకళ్లని ఇబ్బంది పెట్టడం, నేనే చేసేసుకుంటాను."

ఇలాంటివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఇల్లు వాళ్ల మీదే నడుస్తుంది. వాళ్లు పడిపోయినరోజు ఇల్లు ఆగిపోతుంది. వాళ్లంటే నాకు చాలా గౌరవం. అందుకే వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు చెయ్యి, కాలు పడిపోయాయి. మంచం మీదే అన్నీ. కోడలే చూసుకుంటుంది. తెల్లారకముందే లేచి వేణ్ణీళ్లతో ఒళ్లు తుడవాలి. రెండు గంటలకోసారి ఒకవైపునుంచి ఇంకోవైపుకి తిప్పి పడుకోబెట్టాలి. తిప్పకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర చర్మం కమిలి పుండ్లు పడతాయి. అన్నం మెత్తగా కలిపి, తల కాస్త ఎత్తుగా పెట్టి, చెంచాతో కొంచెం కొంచెంగా తినిపించాలి. తొందరపడితే పొలమారుతుంది. ఇక పక్కబట్టల ఉతుకు. మధ్యలో పిల్లల క్యారేజీలు, ఇంటాయన డ్యూటీ వేళలు. ఈ రెండు గంటల లెక్క రాత్రిళ్లు కూడా ఆగదు.

ఎదురింటావిడ మంచి మనిషి. రెండు మూడు రోజులకోసారి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. "ఏమన్నా సాయం కావాలా వదినా?" అంటుంది. ఈవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏం లేదులే వదినా, నేను చూసుకుంటాను" అంటుంది. ఆవిడ ఒక నిమిషం నిలబడి, మంచంవైపు ఒకసారి చూసి వెళ్లిపోతుంది.

ఇక్కడ తప్పెవరిది? ఇద్దరిదీ కాదు. ఆవిడకి నిజంగానే సాయం చెయ్యాలని ఉంది. ఈవిడకి నిజంగానే సాయం కావాలి. అయినా పని జరగలేదు. ఎందుకంటే, "ఏమన్నా కావాలా" అన్న ప్రశ్నకి ఈవిడ దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబల్లా "అన్నీ కావాలి" అనే. అలా ఎవరమైనా అనగలమా? అందుకే "ఏం లేదు" అనేస్తాం.

డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా చూపించి "కాస్త సాయం పట్టు" అంటే ఎంత మంచివాడైనా ముందు తన నడుం సంగతి ఆలోచిస్తాడు. అదే ధాన్యం బుట్టకి ఎత్తి ఇస్తే పదేళ్ల పిల్లాడు కూడా పరుగున తీసుకెళ్తాడు. మన పని బస్తాలాగే మన దగ్గర పడి ఉంటోంది. బుట్టలకి ఎత్తడం మన చేతుల్లో ఉంది.

ఆ కోడలు ఇలా అందనుకోండి. "వదినా, మంగళవారం పదకొండింటికి నేను రేషన్ షాపుకి వెళ్లాలి. గంటలో వచ్చేస్తాను. అత్తయ్య దగ్గర కూర్చుంటావా? తిప్పక్కర్లేదు, తినిపించక్కర్లేదు. ఊరికే కబుర్లు చెబుతూ కూర్చుంటే చాలు." ఎదురింటావిడకి ఇప్పుడు అంతా తెలిసిపోయింది. ఏ పనో తెలిసింది. ఎప్పుడో తెలిసింది. ఎంతసేపో తెలిసింది. ఏమేం చెయ్యక్కర్లేదో కూడా తెలిసింది. మంగళవారం కుదురుతుందో లేదో చూసుకుని అవునో కాదో చెప్పడమే.

ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క పద్ధతే. ఏ పని, ఎప్పుడు, ఎంతసేపు. ఈ మూడూ ముందు మీరు తేల్చుకోండి. తేల్చుకున్నాక ఒక మనిషిని అడగండి. మళ్లీ చెబుతున్నాను. ఏ పని, ఎప్పుడు, ఎంతసేపు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మన పల్లెల్లో లక్షలమంది ఆడవాళ్లకి ఇది అలవాటే. పొదుపు సంఘం మీటింగుకి ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లకపోతే ఒకసారి వెళ్లి, చివర్లో చాప మీద కూర్చుని చూడండి. పదిమందో పన్నెండుమందో గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం, ఇంకుప్యాడు. ముందు అందరూ పొదుపు కడతారు. ఆ తర్వాత ఎవరికి అప్పు కావాలో చెప్పమంటారు. ఒకామె గొంతు సవరించుకుంటుంది. ఎంత కావాలో చెబుతుంది. దేనికో చెబుతుంది, గేదె మేతకో, పిల్ల ఫీజుకో. ఎన్ని నెలల్లో కడుతుందో చెబుతుంది. మిగతావాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. పోయినసారి తీసుకున్నది తీరిందా అంటారు. తర్వాత పుస్తకంలో రాస్తారు, అందరూ సంతకాలు పెడతారు. అయిపోయింది.

గమనించారా? ఆమె కళ్లనీళ్లు పెట్టుకోలేదు. తన కష్టాలన్నీ ఏకరువు పెట్టలేదు. ఎంత, దేనికి, ఎప్పటికి తీరుస్తాను, ఇంతే చెప్పింది. అడగడానికి అక్కడొక పద్ధతి ఉంది. పద్ధతి ఉన్నచోట సిగ్గుపడాల్సిన అవసరం రాదు. అదే మనిషి వెనకటి రోజుల్లో అయిదు వందల కోసం వడ్డీ వ్యాపారి అరుగు ముందు తల వంచుకుని నిలబడాల్సి వచ్చేది.

దీని వెనక పెద్ద కథే ఉంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అని ఒక ఊరు. అక్షరాలు నేర్చుకోడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్కడ తమ బాధలు ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఎవరింట్లో వాళ్లు, ఎవరి గుండెల్లో వాళ్లు దాచుకున్న బాధ అందరిదీ ఒకటేనని తేలింది. మగవాళ్ల కూలి డబ్బంతా సారా కొట్టుకే పోతోంది. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. 1992 వచ్చేసరికి అది రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం అయింది. 1993 అక్టోబరు 1న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాని నిషేధించింది. సారా పోయాక మిగిలిన డబ్బులతోనే ఆ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. ఒక్కొక్కరు ఒంటరిగా మోసినన్నాళ్లూ ఎవరి భారం వాళ్లకే ఉండిపోయింది. పదిమంది ముందు నోరు విప్పాక కదిలింది.

ఇప్పుడు మీకు ఒక సందేహం రావచ్చు. ఇది డబ్బు లేనివాళ్ల సంగతి, చదువు లేనివాళ్ల సంగతి, తెలివితేటలు ఉన్నవాడికి ఒకరి సాయం ఎందుకు అని. అలాగైతే తెలివితేటలకి పెట్టింది పేరైన మనిషి గురించే చెప్పుకుందాం. శ్రీనివాస రామానుజన్.

ఆయన గురించి మనం పిల్లలకి చెప్పే కథలో, ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా పలక మీద లెక్కలు చేసుకుని ప్రపంచాన్ని గెలిచాడని ఉంటుంది. అందులో సగమే నిజం. లెక్కలు ఒంటరిగా చేశాడు. కానీ ఆ లెక్కల పుస్తకం పట్టుకుని ఎన్నో గుమ్మాలు ఎక్కాడు. అడిగాడు. మళ్లీ అడిగాడు.

మొదట్లో ఆయనకీ అడగడం తెలియదు. కుంభకోణం కాలేజీలో చదివేటప్పుడు లెక్కలు తప్ప మిగతావేవీ పట్టించుకోక స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో, 17 ఏళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశాడు. కష్టం వచ్చినప్పుడు చెప్పుకోలేని పిల్లలు చేసే పనే చేశాడు. తర్వాత ఇల్లు చేరాడు. మళ్లీ చదివాడు. మళ్లీ పరీక్ష తప్పాడు. పెళ్లయింది. ఉద్యోగం లేదు.

1910లో ఆయన పద్ధతి మార్చాడు. భారతీయ గణిత సమాజాన్ని స్థాపించిన రామస్వామి అయ్యర్ దగ్గరికి వెళ్లి నోటుపుస్తకం చూపించాడు. ఆయన పరిచయ ఉత్తరాలు రాసి ఇచ్చాడు. అలా ఆ పుస్తకం దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు ముందుకి వచ్చింది. ఆ రోజుల్లో ఆయన మన నెల్లూరు కలెక్టరు. ఆయనకీ లెక్కలంటే ఇష్టం. మొదట అంతు పట్టలేదు. రామానుజన్ కొంచెం తేలికైన వాటితో మొదలుపెట్టి, ఒక్కో మెట్టే ఎక్కించి చూపించాడు. నీకు ఏం కావాలి అని అడిగారు రామచంద్రరావు. పూట గడవడానికి కొద్దిగా డబ్బు, లెక్కలు చేసుకోడానికి తీరిక. అంతే అడిగాడు. నెలకి 25 రూపాయలు ఇచ్చే ఏర్పాటు జరిగింది.

కొన్నాళ్లకి ఆ డబ్బు మీద బతకడం రామానుజన్‌కే నచ్చలేదు. 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకి 30 రూపాయల గుమాస్తా ఉద్యోగంలో చేరాడు. ఇక్కడ కాసేపు ఆగుదాం. సాయం అడిగితే అది అలవాటైపోతుందని, ఇక జీవితాంతం ఒకరి మీద పడి బతుకుతామని చాలామందికి భయం. రామానుజన్ తన కాళ్ల మీద నిలబడటానికే సాయం తీసుకున్నాడు. నిలబడగానే వద్దన్నాడు.

1913 జనవరి 16న ఇంగ్లండులో ఉన్న గణిత పండితుడు జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశాడు. అంతకు ముందే అక్కడి మరో ఇద్దరు పండితులకి రాసి చూశాడు, పని కాలేదు. మూడో ఉత్తరంలో ఏం రాశాడు? నేను ఫలానా పోర్టు ఆఫీసు గుమాస్తాని. కాలేజీ చదువు పూర్తి కాలేదు. సొంతంగా ఈ ఫలితాలు తేల్చాను. ఇవిగో కాగితాలు. వీటిలో విలువ ఉందనిపిస్తే అచ్చు వేయించాలని ఉంది, సలహా చెప్పండి. ఇదీ సారాంశం. నన్ను ఉద్ధరించండి అని రాయలేదు. చూడాల్సింది చేతికిచ్చి, చెప్పాల్సింది అడిగాడు. హార్డీ తన స్నేహితుడు లిటిల్‌వుడ్‌ని పిలిచి ఇద్దరూ కలిసి ఆ కాగితాలు చదివారు. 1914లో రామానుజన్ కేంబ్రిడ్జి చేరాడు.

అక్కడ హార్డీతో కలిసి ఆయన చేసిన ఒక పని చెబుతాను. నాలుగు అనే అంకెని కూడికలుగా ఎన్ని రకాలుగా రాయొచ్చు? నాలుగు. మూడూ ఒకటీ. రెండూ రెండూ. రెండూ ఒకటీ ఒకటీ. నాలుగు ఒకట్లు. మొత్తం అయిదు రకాలు. అదే వందని ఎన్ని రకాలుగా రాయొచ్చు? 19 కోట్ల 5 లక్షల 69 వేల 292 రకాలు. ఒక్కొక్కటీ రాసుకుంటూ పోతే జన్మ చాలదు. దానికి హార్డీ, రామానుజన్ కలిసి 1918లో ఒక సూత్రం ప్రచురించారు. రామానుజన్‌కి జవాబు ముందే తట్టేది. హార్డీకి రుజువు కావాలి. ఒకరి తీరు ఒకరికి కొత్త. మధ్యలో మూడో ఆయన మెక్‌మాన్. ఆయన 200 దాకా ఈ లెక్కలన్నీ చేత్తో కట్టి పట్టిక తయారుచేశాడు. ఆ పట్టికతో సరిచూసుకునే తమ సూత్రం ఎంత గట్టిదో వీళ్లు తెలుసుకున్నారు. ఊహ ఒకరిది, రుజువు ఒకరిది, ఓపిక ఇంకొకరిది.

ఇదే రామానుజన్ జీవితంలో ఇంకో సంగతి ఉంది. నాకు మనసు కలుక్కుమనే సంగతి. కేంబ్రిడ్జిలో చలి. అప్పుడు అక్కడే చదువుకుంటున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్, తర్వాతి కాలంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినాయన, ఒకరోజు రామానుజన్ గదికి వెళ్లారు. రాత్రి వెచ్చగా ఉంటోందా అని అడిగారు. లేదు, ఓవర్‌కోటు వేసుకుని, శాలువా కప్పుకుని పడుకుంటున్నానన్నాడు రామానుజన్. దుప్పట్లు చాలడం లేదేమోనని ఆయన లోపలికి వెళ్లి పక్క చూశారు. దుప్పట్లు చాలానే ఉన్నాయి. అక్కడి పద్ధతిలో వాటి అంచులు పరుపు కిందకి గట్టిగా దోపి, పైన ఇంకో దుప్పటి పరిచి ఉన్నాయి. అంచులు లాగి వాటి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కి తెలియదు. ఆ దుప్పట్ల పైనే పడుకుని వణుకుతున్నాడు. మహలనోబిస్ దుప్పట్లు ఎత్తి ఎలా పడుకోవాలో చూపించారు. సముద్రాల అవతలి హార్డీకి ఉత్తరం రాసి అడగగలిగిన మనిషి, "ఈ పక్క మీద ఎలా పడుకోవాలి" అని పక్క గదిలో అడగలేకపోయాడు.

పెద్ద సాయం అడగడం కన్నా చిన్న సాయం అడగడమే మనకి ఎక్కువ కష్టం. ఇంత చిన్నది కూడా తెలియదా అనుకుంటారేమోనని. బ్యాంకులో డబ్బు తీసే ఫారం నింపమని అడగడానికి మొహమాటం. ఫోన్‌లో యూపీఐ ఎలా కట్టాలో మనవడిని రెండోసారి అడగడానికి మొహమాటం. ఆ కొద్దిపాటి మొహమాటం వల్ల ఎంత చలి భరిస్తామో మనం.

ఈ మొహమాటం మీద పరిశోధనలు జరిగాయి. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో అమెరికానుంచి ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరిని పిలిచి, ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒక ప్రశ్నపత్రం నింపించుకు రమ్మన్నారు. అయిదుగురు ఒప్పుకోవాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుంది, ముందు చెప్పండి అన్నారు. సుమారు 20 మందిని అడగాల్సి వస్తుందని వాళ్ల అంచనా. వెళ్లి అడిగితే సుమారు 10 మందికే పని అయిపోయింది. అంటే మనం ఊహించుకునే "కాదు"లు చాలావరకు మన తలలోనే ఉన్నాయి. అడిగే మనిషి, ఎదుటివాళ్లకి ఎంత శ్రమో అని లెక్క వేసుకుంటాడు. మొహం మీద కాదనడం ఎదుటివాళ్లకి ఎంత కష్టమో లెక్కలోకి తీసుకోడు.

సాయం తీసుకుంటే రుణపడిపోతాం అనేవాళ్లు ఉన్నారు. పడదాం. తీర్చుకుందాం. మన ఊళ్లలో వరినాట్లు ఎలా జరిగేవి? ఈరోజు నీ పొలంలో అందరం, రేపు నా పొలంలో అందరం. బదులుకి వెళ్లడం అనేవాళ్లు. ఎవరు ఎవరికి ఎన్ని రోజులు బాకీ ఉన్నారో నాటేవాళ్లందరికీ నోటికి తెలుసు. ఆ బాకీని ఎవరూ చిన్నతనంగా అనుకోలేదు. బాకీలు ఉండబట్టే ఊరు ఒకరికొకరు కావలసినవాళ్లతో నిండి ఉండేది. నాట్లేసే యంత్రాలు వచ్చాయి, సంతోషం, నడుంనొప్పులు తగ్గుతాయి. కానీ ఆ లెక్క పోవడం నష్టమే అని నా అభిప్రాయం. మీకు సాయం చేసినవాళ్లకి మీరేం చెయ్యగలరో మనసులో పెట్టుకోండి. వాళ్ల పిల్లకి లెక్కలు చెప్పగలరు. వాళ్లు ఊరెళ్తే మొక్కలకి నీళ్లు పోయగలరు. మీరు అడిగితేనే కదా, రేపు వాళ్లూ మొహమాటం లేకుండా మిమ్మల్ని అడిగేది.

అన్నిటికన్నా కష్టమైన సంగతికి వస్తాను. అంతా తామే చేసుకునేవాళ్లకి పని ఇంకొకరి చేతికి ఇవ్వడం తెలియదు. ఇచ్చినా చూపు మాత్రం దాని మీదే ఉంటుంది. భర్త పప్పు చేస్తే, తాలింపులో ఇంగువ ముందు వెయ్యాలి అంటారు. కూతురు బట్టలు మడతపెడితే, ఆ మడతలు విప్పి మళ్లీ మడతపెడతారు. ఇంకోసారి ఆ పిల్ల మడతపెట్టదు. అప్పుడు మనం, "చూశావా, ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ పని ముట్టుకోరు" అంటాం. హార్డీ రుజువుల మనిషి. రామానుజన్ రుజువు లేకుండా రాసుకొచ్చిన కాగితాన్ని ఆయన విసిరికొట్టి ఉంటే కథ అక్కడే ముగిసిపోయేది. అవసరమైన రుజువులు నేర్పాడు, ఆ మనిషి ఆలోచించే తీరు మాత్రం చెడగొట్టకుండా జాగ్రత్తపడ్డాడు. పప్పులో ఉప్పు కాస్త తగ్గితే పైన వేసుకుందాం. మంచం మీదున్న పెద్దావిడని రెండు గంటలకోసారి తిప్పాలన్నది మాత్రం మారదు. ఏది మారకూడదో అది ముందే చెప్పండి. మిగతాది వాళ్ల చేతికి వదిలేయండి.

ఎవరిని అడగాలి అన్నది కూడా ముఖ్యమే. చేసిన సాయాన్ని పదిచోట్ల చెప్పి దెప్పిపొడిచేవాళ్లు ఉంటారు. చిన్నప్పుడు అలాంటివాళ్ల చేత మాట పడ్డవాళ్లే పెద్దయ్యాక ఎవరినీ అడగనివాళ్లు అవుతారు. వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. దెప్పేవాళ్లని అడగకండి. అడగడమే మానుకోకండి. ఇంకొకటి. వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా సాయం చెయ్యగలరా" అని పెట్టడాన్ని నేను అడగడం అనను. వందమందిని అడిగితే, ఎవరో ఒకరు చూస్తార్లే అని వందమందీ అనుకుంటారు. ఒక్కరిని అడగండి. పేరు పెట్టి అడగండి. ఎదురుగా అడగండి. రోడ్డు మీద ప్రమాదం జరిగినప్పుడు కూడా ప్రథమ చికిత్స నేర్పేవాళ్లు ఇదే చెబుతారు. "ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అని అరవకండి. ఒకరివైపు వేలు చూపించి, "నీలం చొక్కా అన్నా, మీరు 108కి చెయ్యండి, చేసి నాకు చెప్పండి" అనండి. గుంపులో నిలబడ్డ మనిషి అప్పుడు కదులుతాడు. మన హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైన ఆ 108 సేవ ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మీకు తెలుసు. అది కూడా ఒకరు అడిగితేనే వస్తుంది.

ఎవరైనా కాదంటే? కాదంటారు కొందరు. వాళ్ల ఇంట్లో ఏముందో మనకి తెలియదు. "పర్లేదు వదినా" అని ఇంకొకరిని అడగండి. రామానుజన్‌కి మూడో ఉత్తరం దాకా పని కాలేదు.

మగవాళ్లతో ఒక మాట విడిగా చెప్పాలి. పంట పోయినప్పుడు, అప్పు పెరిగినప్పుడు, ఉద్యోగం ఊడినప్పుడు మనవాళ్లు నోరు విప్పరు. ఇంట్లో చెబితే భయపడతారని, బయట చెబితే పరువు పోతుందని లోపలే దాచుకుంటారు. అలా దాచుకుని దాచుకుని ఎంతమంది రైతులు, ఎంతమంది కుర్రాళ్లు మనకి దక్కకుండా పోయారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అన్నా, తమ్ముడూ, దయచేసి వినండి. పంట గురించి సందేహమైతే కిసాన్ కాల్ సెంటర్ ఉంది. నంబరు 1800 180 1551. తెలుగులోనే మాట్లాడతారు. మనసు బాగోలేకపోతే టెలి మానస్ ఉంది. నంబరు 14416. మళ్లీ చెబుతాను, రాసుకోండి. 14416. రాత్రయినా పగలైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఏం మాట్లాడాలో తెలియకపోతే, "నాకు నిద్ర పట్టడం లేదు, పది నిమిషాలు మాట్లాడాలి" అనండి. అక్కడ కూడా పద్ధతి అదే. ఏ పని, ఎప్పుడు, ఎంతసేపు. మాట్లాడాలి, ఇప్పుడు, పది నిమిషాలు. చాలు.

చివరగా, అడగని మనిషి మీ ఇంట్లోనే ఉంటే ఏం చెయ్యాలి? ఊళ్లో ఒంటరిగా ఉన్న నాన్నగారికి హైదరాబాదునుంచో డాలస్‌నుంచో ఫోన్ చేస్తారు. "ఏమన్నా కావాలా నాన్నా?" అంటారు. "నాకేం కావాలిరా, బాగానే ఉన్నాను" అంటారాయన. ఆ ప్రశ్న ఇక మానేయండి. "నాన్నా, బీపీ మాత్రల అట్ట చేతిలోకి తీసుకో. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చెప్పు" అనండి. ఆయన కళ్లజోడు వెతుక్కుని లెక్కపెట్టి, "నాలుగున్నాయి" అంటారు. "సరే, శుక్రవారం లోపు మందుల షాపబ్బాయి తెచ్చి ఇస్తాడు. నీకు పెద్దక్షరాలతో కాగితం రాసి ఇమ్మని కూడా చెబుతాను, పొద్దున ఏది, రాత్రి ఏది అని. ఆదివారం మళ్లీ చేస్తాను, అప్పుడు కరెంటు బిల్లు సంగతి చూద్దాం" అనండి. ఆయన అడగలేని మూడు మాటలూ మీరే చెప్పేశారు. ఆయన ఊఁ అంటే చాలు.